బండి ఱ దీవిలో అప్పగింత

“ఎవరి చేతికిచ్చి వచ్చినావురా?”

“ఇసుకలో దింపి వచ్చినాను. చేతికిచ్చేదానికి ఆడ ఎవరుండారు, ఎండ్రకాయలా?”

“అయితే ఎండ్రకాయలకు అప్పగించినానని చెప్పు.”

“అమ్మా, ఊర్లో మనిషి లేడు. అల చూస్తే కొబ్బరిచెట్టంత లేస్తా ఉండాది. ఇంకొంచేపు ఉంటే ఓడే పోయుండును. నీకు సరుకు కావాల్నా, ఓడ కావాల్నా?”

“రెండూ కావాల. తెడ్డేదిరా? చిన్న పడవకు రెండు తెడ్లుండాల, ఒకటే మోసుకొచ్చినావు.”

“అలలో పోయింది.”

“సరుకు ఇసుకపాలు, తెడ్డు నీళ్ళపాలు. నువ్వు మాత్రం అన్నం వేళకు సరిగ్గా వచ్చినావు.”

మా అవ్వకూ చిన్నాయనకూ, రేవు పక్కన మా రేకుల ఇంటి వాకిట్లో జరిగిన పోట్లాట ఇది. అవ్వంటే మా నాయనను కన్నతల్లి. చిన్నాయన ఆమె చిన్న కొడుకు. ఓడను ఎప్పుడూ నడిపేది మా నాయనే. ఆ నెల ఆయన కాలు విరిగి, కట్టుతో మంచానికి అతుక్కుపోయాడు. అందుకని చిన్నాయన మొదటిసారి తానే పెద్దగా ఉండి దూరపు దీవికి సరుకు తీసుకుపోయి వచ్చాడు. నేను గడప మీద కూర్చుని పాత గోతాల పురికొస విప్పి ఉండలు చుడుతున్నాను. నోరు మూసుకుని పెద్దవాళ్ళ మాటలు వినడానికి అంతకంటే మంచి పని ఇంకొకటి లేదు.

ఇన్నేళ్ళ తరవాత ఇదంతా నిన్న గుర్తొచ్చింది. డల్లాస్ పక్కన ఈ కాపెల్‌లో, మా కూతురింట్లో. మధ్యాహ్నం పెద్ద వాన. తలుపు దగ్గర కెమెరా టింగుమంది. నేను లేచి వెళ్ళేసరికి డెలివరీ బండి వీధి మలుపు తిరిగిపోతోంది. గుమ్మం ముందు అట్టపెట్టె తడిసి ముద్దవుతోంది. మా మనవరాలు మేడ మీది నుంచి ఫోను చూసుకుంటూ దిగింది.

“డెలివర్ అయింది అమ్మమ్మా. ఫోటో కూడా పంపాడు, చూడు.”

“ఎవరి చేతికిచ్చినాడే?”

“చేతికా? పోర్చ్‌లో పెట్టాడు. దట్స్ డెలివరీ.”

“పెట్టి పోయేదాన్ని డెలివరీ అనరు. పారేసి పోయేదంటారు.”

“ఇట్స్ ఓకే. తడిస్తే రిటర్న్ చేస్తా, ఇంకోటి పంపిస్తారు. వై ఆర్ యూ సో మ్యాడ్?”

“ఆ డ్రైవరు మీద కోపం కాదు. మనిషి మొహం చూసేంత టైము కూడా ఇయ్యరు కదే వాళ్ళకు.”

“మొహం చూస్తే ఏమొస్తుంది?” అని అడిగింది. పొగరుగా కాదు, నిజంగానే తెలియక. పెట్టె విప్పి లోపలి వస్తువు తుడిచిచ్చాను, అట్టను గ్యారేజీలో ఆరబెట్టాను. బాగా గట్టి అట్ట. తరవాత కాగితాలు తీసుకుని కూర్చున్నాను. మాటతో చెబితే అది సగం వింటుంది. రాస్తే ఎప్పటికైనా చదువుతుంది.

నేను చదివింది మూడో తరగతి. మా ఊళ్ళో తెలుగు చెప్పే పంతులు ఒకాయన ఉండేవాడు. ఆయన పోయాక బడీ పోయింది. అక్షరాలు మాత్రం నాతో ఉండిపోయాయి, వాటితో రోజూ పని చేశాను కనక.

మాది దీవుల దేశం. మ్యాపులో చూస్తే ఎవరో గుప్పెడు పెసలు నీళ్ళ మీద జారవిడిచినట్టుంటుంది. చెరుకు తోటల్లో కూలికి ఒప్పందం మీద మా తాత మీసాలు రాకముందే ఓడెక్కి అక్కడికి వచ్చాడు. వాళ్ళమ్మ సర్దిచ్చిన రేకు పెట్టె ఒకటి వెంట ఉండేది. రేవులో మనుషుల్ని దింపారు, పెట్టెల్ని ఇసుకలో గుట్ట పోశారు, ఓడ వెళ్ళిపోయింది. తాత పెట్టె ఎవరు పట్టుకుపోయారో తెలియదు. అందులో ఏముండేదో ఆయన చివరిదాకా ఎవరికీ చెప్పలేదు. ‘మనల్నీ అట్లనే దింపినారు. ఎవరి చేతికీ ఇయ్యలేదు’ అని మాత్రం అనేవాడట.

ఒప్పందం తీరాక చెరుకు మొహం మళ్ళీ చూడకుండా పాత కొయ్య ఓడ ఒకటి సంపాదించాడు. మొదట దానికి చాపలే. తరవాత ఇంజను పెట్టించారు. తాత పోయాక అవ్వ చూసుకునేది. అదీ మా కంపెనీ. కంపెనీ అంటే బల్లలూ కుర్చీలూ అనుకునేరు. ఒక ఓడ, ఒక గోదాము, గోదాము గుమ్మంలో పీట మీద మా అవ్వ. అంతే.

పెద్ద దీవి నుంచి చిన్న దీవులకు బియ్యం, గోధుమపిండి, ఉప్పు, కిరసనాయిలు, మేకులు, రేకులు, బడి పలకలు తీసుకుపోయేవాళ్ళం. ఒక్కోసారి మేకలు. తిరిగి వచ్చేటప్పుడు ఎండుకొబ్బరి. ఆ ఎండుకొబ్బరి వాసన తెలియనివాళ్ళకు ఎలా చెప్పను? తీపిగా మొదలై కాస్త కుళ్ళుగా ముగుస్తుంది. దానికి ఇంజను నూనె, తారు, తడిసిన గోనె కలిస్తే మా ఇల్లు. మా నాయన చొక్కా ఎన్నిసార్లు ఉతికినా అదే వాసన. బళ్ళో పిల్లలు ముక్కు మూసుకునేవాళ్ళు. నాకు సిగ్గు వేసేది కాదు. వాళ్ళు తలకు రాసుకునే నూనె మా ఓడ తెచ్చిన ఎండుకొబ్బరిదే.

తాత పెట్టిన నియమం ఒక్కటే. సరుకు నేల మీద దింపితే దింపినట్టు కాదు. ఎవరిదో వాళ్ళ చేతికి, రెండు చేతులతో ఇచ్చి ‘అప్పగింత’ అనాలి. పుచ్చుకున్నవాళ్ళు ‘అందింది’ అనాలి. అప్పుడే అది వాళ్ళది. అంతవరకూ మనదీ కాదు, వాళ్ళదీ కాదు, దారిలో ఉన్న సరుకు. దీవుల వాళ్ళ జాతి వేరు, భాష వేరు. అయినా తండ్రుల నాటి నుంచి మా ఓడతో పని కనక ఆ రెండు మాటలూ నేర్చుకున్నారు. ‘ఆపాకింతా’ అనేవాళ్ళు. తెలుగు నేల ఎటువైపుందో తెలియని ముసలమ్మలు ఆ మాట అంటుంటే మా నాయన ఛాతీ కాస్త పొంగేది. నేను చూశాను.

గోతాల మీద గుర్తులు పెట్టే పని నాది. మసి, కొబ్బరినూనె కలిపి, పీచు కుంచెతో రాసేదాన్ని. ఒక్కో దీవికి అవ్వ ఒక్కో తెలుగు అక్షరం ఇచ్చింది. మొదట్లో ‘ప’ ఒక దీవికి, ‘వ’ ఇంకో దీవికి ఇచ్చి తిప్పలు పడ్డారట. వానకు మసి అలుక్కుపోతే ‘ప’ కాస్తా ‘వ’ అయ్యేది, ఒకరి ఉప్పు ఇంకొకరికి పోయేది. అందుకని అన్నిటికంటే దూరపు దీవికి బండి ఱ ఇచ్చింది. దాన్ని చూసి ఇంకొకటి అనుకునే వీలు లేదు. ఆ దీవి అసలు పేరు మా నోరు తిరగదు. మాకది బండి ఱ దీవి. వాళ్ళు కూడా ఆ అక్షరాన్ని తమ చావడి తలుపు మీద సున్నంతో రాసుకున్నారు. వాళ్ళకది అక్షరం కాదు, తమ ఊరి బొమ్మ.

మా మనవరాలికి ఆదివారం తెలుగు క్లాసులో ఆ అక్షరం చెప్పలేదట. “దిస్ ఈజ్ నాట్ ఇన్ మై చార్ట్” అంది. “చార్టులో లేకపోతే నా చేతిలో ఉండాది, నేర్చుకో” అన్నాను. నేర్చుకుంది.

గోదాములో నా దొంగతనాలు కూడా ఉండేవి. బొప్పాయి ఆకు కాడ లోపల బోలుగా ఉంటుంది. దాన్ని చక్కెర గోతంలో ఏటవాలుగా గుచ్చితే చక్కెర దానంతటదే నోట్లోకి జారుతుంది. ఒకరోజు కళ్ళు మూసుకుని ఆ సుఖంలో ఉండగా చెవి మెలి తిరిగింది. అవ్వ.

“నా చెవి అవ్వా, నా చెవి! కొంచెమే!”

“కొంచెం లేదు, ఎక్కువ లేదు. ఆ చక్కెర ఎవరిది?”

“మనది.”

“కాదు.”

“దీవోళ్ళది.”

“ఇంకా కాలేదు. అది దారిలో ఉండే చక్కెర. దారిలో ఉండేదాన్ని ముట్టుకున్నావంటే ఇద్దరి నోట్లో మన్ను కొట్టినట్టు.”

ఇంట్లో చక్కెర నుంచి తీసి ఆ గోతంలో పోసింది. ఆ సాయంత్రం నా కాఫీ చేదుగా తాగాను. ఆమె ఎదురుగా కూర్చుని చివరి గుక్కదాకా చూసింది.

ఈ మాటతోనే మా అత్త పెళ్ళిలో అందరినీ నవ్వించాను. పెళ్ళికూతురి చేతులు పాలలో ముంచి అత్తమామల చేతుల్లో పెడుతూ మా వాళ్ళంతా ఏడుస్తున్నారు. పురోహితుడు “అప్పగింతలు, అప్పగింతలు, అందరూ రండి” అని కేకేశాడు. నాకు తెలిసిన అప్పగింత ఒకటే. వరుడి తండ్రి మాట్లాడకుండా నిలబడితే నాకు భయమేసింది. పోయి ఆయన పంచె పట్టి లాగాను. “అందింది అను తాతా. అనకపోతే అత్త ఇంకా దారిలోనే ఉంటాది.” ఏడుస్తున్నవాళ్ళు ఏడుపు ఆపలేక, నవ్వు ఆపలేక ముక్కులు చీదారు. ఆ పెద్దాయన మాత్రం నవ్వలేదు. మా అత్త చేతుల మీద తన చేతులు గట్టిగా నొక్కి “అందింది తల్లీ, అందింది” అన్నాడు.

అప్పటి నుంచి మా ఇంట్లో ఆడపిల్ల పెళ్ళికి మగపెళ్ళివారు ఆ మాట అనాల్సిందే. నా పెళ్ళిలో అన్నారు. ఇక్కడ టెక్సాస్‌లో హాలు మాట్లాడి మా కూతురి పెళ్ళి చేసినప్పుడు, గుంటూరు నుంచి వచ్చిన మా వియ్యంకుడికి చెప్పాను, ‘అందింది’ అనాలని. “ఏమందిందండీ, కొరియరా?” అన్నాడు. సంగతి చెప్పాక మైకు అడిగి మరీ అన్నాడు.

ఇక ఆ పోట్లాట దగ్గరికొస్తాను.

ఆ ఏడు గాలివాన బండి ఱ దీవిని తుడిచిపెట్టింది. చేమ తోటల్లోకి ఉప్పునీళ్ళెక్కి దుంపలు కుళ్ళాయి. చిన్నాయన తీసుకుపోయిన పిండి, బియ్యం, ఉప్పు, గాలివాన తరవాత వాళ్ళకు వెళ్ళిన మొదటి సరుకు. దాన్నే ఇసుకలో దింపి వచ్చాడు. రెండో సంగతి: మా ఊరి పెద్ద షావుకారు మొట్టమొదటిసారి ఆ సీజను సరుకంతా మా ఓడకే ఇస్తానన్నాడు. పెద్ద దీవులకు పోయే మంచి సరుకు. మర్నాడు పొద్దునే ఎక్కించాలి. మాకు పోటీగా ఒక కొత్త కంపెనీ వాళ్ళ తెల్ల ఓడ అదే రేవులో కాచుకుని ఉంది. షావుకారు సరుకు దొరికితే ముసలి దగ్గు దగ్గుతున్న మా ఇంజను పోయి కొత్తది వచ్చేది. ఇంట్లో ఆ నెలంతా దాని మాటే.

“ఇప్పుడేం చేయమంటావు?” అన్నాడు చిన్నాయన.

“వెనక్కి పో. చేతికిచ్చి రా.”

“రేపు షావుకారు సరుకు ఎక్కాల! కొన్ని గోతాల కోసం సీజనంతా వదులుకుంటావా? పురికొస ముక్క పారేస్తే ఇల్లు లేపుతావు. ఇప్పుడు ఇంత పారేస్తానంటావేంది?”

“పురికొస నాది, దాచుకుంటాను. ఆ సరుకు నాది కాదు. ఎట్ల పారేసేది?”

“అన్నా, నువ్వన్నా చెప్పు!”

మంచం మీంచి మా నాయన ఒకటే మాటన్నాడు. “నా కాలు బాగుంటే ఈపాటికి లంగరెత్తి ఉందును.”

చిన్నాయన గోడకేసి తిరిగాడు. అవ్వ అప్పటికే చెప్పుల కోసం వెతుకుతోంది. తానూ వస్తానంది. కొడుకు మీద నమ్మకం లేక కాదు, ఆ దీవి వాళ్ళ మొహం తానే చూడాలని. ఆమెకు చూపు ఆనదు. గోతాల మీద గుర్తు చదవడానికి నన్నూ ఎక్కమంది.

ఇంజనుకు నూనె పీపాలు ఎక్కిస్తుంటే షావుకారు గొడుగు వేసుకుని రేవుకొచ్చాడు.

“ఏందమ్మా, ఇప్పుడు ఎక్కడికి? రేపు కదా మన సరుకు?”

“రేపు ఓడ ఉండదు నాయనా. పాత సరుకు అప్పగింత కాలేదు.”

“దింపేసినారని చెప్పినాడే మీవాడు?”

“దింపినాడు. అప్పగించలేదు.”

“ఆ తేడా నాకెందుకమ్మా? నాకు రేపు ఓడ కావాల.”

“తెల్ల ఓడోళ్ళకు ఇయ్యి. ఈ తేడా అడగనోళ్ళకు అది బాగుంటాది. కొత్తగా పెయింటు కూడా వేసినారు.”

షావుకారు గొడుగు ఇంకో చేతికి మార్చుకున్నాడు. “నీ ఇష్టం. మళ్ళీ నా దగ్గరికి రావద్దు” అని వెళ్ళిపోయాడు. మా అమ్మ రొట్టెల మూట నా ఒళ్ళో పెడుతూ అత్తగారి మొహం చూసింది. ఆ మొహంతో వాదించినవాళ్ళు మా ఇంట్లో చిన్నాయన ఒక్కడే.

ప్రయాణంలో ఆ తల్లీకొడుకులు మాట్లాడుకోలేదు. “మీ చిన్నాయనను తినమను” అనేది అవ్వ, ఆయన పక్కనే ఉన్నా. “ఆకలి లేదని చెప్పు” అనేవాడు ఆయన. “ఆకలి లేకపోతే అన్నం చద్దికి పెడతాను, పారేసేది లేదని చెప్పు.” నేను అటూ ఇటూ చూసి మెడ నొప్పి పుట్టింది. డెక్కు మీద ఇసుక పెట్టెలో పొయ్యి. డబ్బా చేపలతో చింతపండు పులుసు, కొబ్బరిపాలలో ఉడికించిన చేమాకు. పులుసు ఒలకకుండా గిన్నె చుట్టూ తడి గోనె చుట్టేది అవ్వ. పొద్దునే పాలు లేని టీలో ముంచిన గట్టి బిస్కెట్లు.

చుక్కాని పట్టే మా సరంగు ఆ దీవుల మనిషే. కుర్రతనం నుంచి మా ఓడలోనే. తెలుగు మా అవ్వ దగ్గరే నేర్చుకున్నాడు కనక అతనికి తిట్లు బాగా వచ్చు, మర్యాదలు రావు. “ఓసి దరిద్రపుదానా, తల లోపల పెట్టు, అల కొడతాది” అని నన్ను ఎంతో ముద్దుగా పిలిచేవాడు.

రెండో రోజు మధ్యాహ్నం బండి ఱ దీవి కనబడింది. ముందు కొండ మీద పొగ, తరవాత ఒడ్డు. ఒడ్డున ఊరు ఊరంతా నిలబడి ఉంది. ఎప్పుడూ మా ఓడ కనబడగానే పిల్లలు నీళ్ళలో దూకి ఎదురొచ్చేవాళ్ళు. ఆ రోజు ఎవరూ కదలలేదు. ఆడవాళ్ళు నడుముకు చాపలు చుట్టుకుని ఉన్నారు. అక్కడ చావుకు అదే గుర్తు. సరంగు టోపీ తీశాడు.

“ఎవరో పోయినారు” అన్నాడు.

“వాళ్ళ తెగకంతా పెద్ద, ఆ ముసలి పెద్దదొర పోయుంటాడు” అన్నాడు చిన్నాయన మెల్లగా. “అందుకే ఆ పొద్దు ఊర్లో ఎవరూ లేరేమో. అవతల ఒడ్డుకు పోయుంటారు పూడ్చేదానికి.”

“అది అయిపోయి మూడు నాలుగు రోజులయిండాలే” అంది అవ్వ. “ఇప్పుడెవరికి?”

చిన్న పడవలో ఒడ్డు దగ్గరికి పోతుంటే ఒక ఆడమనిషి పెద్దగా అరిచింది. అంతే, ఆ వరసంతా తెగి నీళ్ళలోకి పరిగెత్తింది. పడవను పట్టుకుని ఒడ్డుకు ఈడ్చేశారు. చిన్నాయన మొహం తడిమేవాళ్ళు, భుజాలు నొక్కి చూసేవాళ్ళు, ఏడుస్తూ అతని వీపు మీద కొట్టేవాళ్ళు. చిన్నాయనకు ఏమీ అర్థం కాలేదు. నాకూ కాలేదు. అవ్వ నా చెయ్యి పట్టుకుని “ఏం చేస్తా ఉండారే వాన్ని? ఏం చేస్తా ఉండారు?” అని ఒకటే అడుగుతోంది.

ఊరి పెద్దాయన వచ్చి ఇసుకలో కూర్చున్నాడు. వాళ్ళ భాష నాకు కొంత తెలుసు. తెలియనిది సరంగు చెప్పాడు.

పెద్దదొర చావుకు ఊరంతా నిజంగానే అవతల ఒడ్డుకు పోయింది. తిరిగి వచ్చేసరికి ఇసుకలో తమ గుర్తుతో గోతాలు పడి ఉన్నాయి. మనిషి లేడు. సాయంత్రం పోటుకు ఒక తెడ్డు కొట్టుకొచ్చింది.

“మీ ఓడ మా సరుకును ఇసుకలో విడిచి పోదు” అన్నాడు పెద్దాయన. “మా తండ్రుల కాలం నుంచి ఎన్నడూ పోలేదు. సరుకు ఇసుకలో ఉంది, తెడ్డు నీళ్ళలో ఉంది. ఇంకేమనుకుంటాము? ఓడ మునిగిపోయిందనుకున్నాము. సరుకు అలల్లో ఒడ్డుకొచ్చిందనుకున్నాము.”

పగడపు దిబ్బ అవతలికి పడవలు పంపి వెతికించారు. కొండ మీద మంట ఆరనివ్వలేదు. ఇక రారనుకున్నాక మా ఓడ వాళ్ళందరికీ కలిపి చాపలు కట్టుకున్నారు. ఆ ఊరు ఏడుస్తున్నది మా కోసం.

అవ్వ అడిగింది.

“గోతాలు?”

చావడిలోకి తీసుకుపోయి చూపించారు. వరసగా పేర్చి మీద కొత్త చాపలు కప్పారు. ఒక్క కుట్టు కూడా విప్పలేదు.

“పిల్లలకు ఏం పెట్టినారు ఇన్నాళ్ళూ?”

“చేపలు. పచ్చి బొప్పాయి.”

“పిండి ఇక్కడ పెట్టుకోని కూడానా?”

పెద్దాయన ఆమెను వింతగా చూశాడు, ఇంత తెలిసిన మనిషి ఇలా అడిగిందేమని. “ఆపాకింతా కాలేదు కదా” అన్నాడు. “చచ్చిపోయినవాళ్ళ చేతిలోంచి ఎలా తీసుకుంటాము? ఏదైనా ఓడ వస్తే నీకు తిరిగి పంపుదామని ఉంచాము.”

బయటికొస్తే చిన్నాయన ఇసుకలో తల వంచుకుని కూర్చుని ఉన్నాడు. ఊరివాళ్ళలో ఒక ముసలమ్మ ఇంట్లోకి పోయి ఆ తెడ్డు తెచ్చింది. ఉప్పు పోయేట్టు కడిగి, కొబ్బరినూనె పట్టించి ఉంది. రెండు చేతులతో దాన్ని చిన్నాయన ముందు పట్టి “ఆపాకింతా” అంది.

ఆయన తెడ్డు పుచ్చుకున్నాడు. ముసలమ్మ తెడ్డు వదల్లేదు. కాచుకుని ఉంది. చుట్టూ ఊరంతా కాచుకుని ఉంది.

“అందింది” అన్నాడు చివరికి.

అప్పుడు వదిలింది.

తరవాత చావడిలోంచి గోతాలన్నీ మళ్ళీ ఒడ్డుకు తెప్పించింది అవ్వ. సరంగు సాయం వస్తే పొమ్మంది. ఒక్కో గోతం మీద చెయ్యి పెట్టి నేను “బండి ఱ” అని చదివాను. చిన్నాయన ఎత్తి, పెద్దాయన చేతుల్లో పెట్టి “అప్పగింత” అన్నాడు. పెద్దాయన “అందింది” అని వెనకవాళ్ళకు అందించాడు. పొద్దు వాలేదాకా అదే పని. ఎవరూ తొందరపడలేదు. ఆడవాళ్ళు ఒక్కొక్కరే నడుము చాపలు విప్పి మడతపెట్టారు.

పిండి గోతం విప్పితే చుట్టూ ఉప్పునీటికి గట్టిపడి ఉంది. కొందరి మొహాలు వాడాయి. అవ్వ లోపలికి చెయ్యి పోనిచ్చి పొడిగా ఉన్న తెల్లపిండి పైకి తీసింది. “పైన పెచ్చు కట్టింది, అంతే. ఆ పెచ్చు కూడా పారేయొద్దండి, నానబెట్టి పందులకు పెట్టండి” అంది. వాళ్ళ పొయ్యి మీదే రేకు పెట్టించి రొట్టెలు కాల్చింది. తురిమిన కొబ్బరి పెట్టి చుట్టి పిల్లల చేతికే ఇచ్చింది, ఆకుల్లో పెట్టలేదు. ఒక పిల్లాడు రెండోసారి వచ్చి చెయ్యి చాపితే తిట్టింది, ఇచ్చింది.

షావుకారు అన్నమాట నిలబెట్టుకున్నాడు. మళ్ళీ మాకు సరుకివ్వలేదు. కొత్త ఇంజను రాలేదు. కాలు బాగయ్యాక మా నాయన పాతదాన్నే విప్పి బిగించి ఇంకా చాలా ఏళ్ళు నడిపాడు. ఆయన తరవాత చిన్నాయన నడిపాడు. ఇసుకలో దింపిన మనిషిగా కాదు, ఆ దీవులన్నిట్లో పిల్లలకు తన పేరు పెట్టుకునేంత మనిషిగా. ఆ తరవాత మూతి తెరుచుకునే పెద్ద ఓడలొచ్చాయి. లారీలే లోపలికి ఎక్కుతాయి, లారీలే దిగిపోతాయి, సరుకుకు మనిషి చెయ్యి తగలదు. మా ఓడను రేవులోనే విప్పేసి ఆ కొయ్యను ఇళ్ళకు వాడుకున్నారు. నాకేం బాధ లేదు. మంచి కొయ్య, వృథా కాలేదు.

మాకు బోర్డు లేదు, మా పేరు ఏ పుస్తకంలోనూ లేదు. అయితే మా సరుకు ఇసుకలో కనబడితే మేం చచ్చిపోయి ఉండాలే తప్ప వదిలిపెట్టి పోయి ఉండమని ఒక ఊరు ఊరంతా నమ్మింది. నమ్మి ఆకలితో కూర్చుంది. ఇంతకంటే పెద్ద సర్టిఫికెట్టు ఏ కంపెనీకి వచ్చిందో ఎవరైనా చెప్పండి, వింటాను.

ఇదంతా చదివి వినిపిస్తే మా మనవరాలు “నెక్స్ట్ డే ఏమైంది? ఆ మర్చంట్ సారీ చెప్పాడా?” అంది. లేదు. జరిగింది ఇదీ.

మరునాడు పొద్దున పోటు మీద లంగరెత్తాం. పగడపు దిబ్బ దాటుతుండగా తెల్ల ఓడ మా ముందు నుంచే పెద్ద దీవుల వైపు పోయింది. హారను కొట్టింది. చిన్నాయన కూడా కొట్టాడు.

“ఎవరదీ?” అంది చూపు ఆనని అవ్వ.

“తెల్ల ఓడ.”

“నిండుగా ఉందా?”

“నిండుగా ఉంది అవ్వా. డెక్కు మీద కూడా పెట్టినారు.”

అవ్వ అటే మొహం పెట్టి, ఇంజను చప్పుడు దూరమయ్యేదాకా నిలబడింది. తరవాత కొంగు నడుముకు దోపుకుని, “ఖాళీ గోతాలు తడవకుండా లోపల పెట్టు” అంది.

పెట్టాను.